తంగేడాకు వెండి, అమ్మ కాలి మెట్టె

తంగేడాకు కషాయంలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే వెంటనే ఏమీ కాదు. అదే నాకు మొదట్లో చిరాకు తెప్పించేది. లేత పసుపు నీళ్లు లేత పసుపుగానే ఉంటాయి. కళ్లు కాయలు కాసేలా చూసినా అంతే. ఇక లాభం లేదని పక్క బల్ల మీద వేరే పని చూసుకుని తిరిగొస్తే రంగు కొంచెం ముదిరి ఉంటుంది. ఇంకాసేపు ఆగితే మా ఇంట్లో పాలు లేనప్పుడు కాచే చాయ్ రంగు వస్తుంది. ఆ రంగు వచ్చిందంటే ఆ నైట్రేట్ ఉప్పులో ఉన్న వెండి విడిపోయి, కంటికి ఆననంత సన్నటి రేణువులైందన్నమాట. ఘాటు రసాయనాలతో చేయాల్సిన ఆ పనిని ఆకులోని పదార్థాలే చేసిపెడతాయి.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నేను నల్గొండలో యూనివర్సిటీలో రీసెర్చ్‌లో చేరాను. అప్పటికి తంగేడు రాష్ట్ర పుష్పమై గోడల మీద బొమ్మలకెక్కింది. నాకు కావలసింది మాత్రం పువ్వు కాదు, ఆకు. పానగల్‌లో గది కిరాయికి తీసుకుని, పొద్దున్నే సంచి పట్టుకుని గుట్ట పక్కకు పోయేదాన్ని. మేకలు కాసే ఒక ముసలవ్వ నన్ను చాలాసేపు చూసి, "ఏందే పిల్లా, పువ్వు ఇడిచిపెట్టి ఆకు దెంపుతున్నవ్? నీకేమన్న మేకలున్నయా?" అని అడిగింది. మందు కోసమన్నాను. "మంచిది, దెంపు మరి. నా మేకలకు జర మిగుల్చు" అంది.

మందు అని నోటికి వచ్చింది గానీ, అది మందు కాదు. పుండ్లలో చీము పట్టించే బాక్టీరియాను గాజు పళ్లెంలో పెంచి, మధ్యలో మా వెండి నీళ్ల చుక్క వేసేవాళ్లం. వెచ్చటి పెట్టెలో పెట్టి మర్నాడు తీస్తే పళ్లెమంతా మసక కమ్మినట్టు బాక్టీరియా ఉండేది, చుక్క చుట్టూ మాత్రం గుండ్రంగా తేట జాగా. అంటే అక్కడ అవి పెరగలేదు. మొండి బాక్టీరియా కొన్ని ఇప్పుడు యాంటీబయాటిక్ గోళీలకు లొంగడం లేదు. అలాంటి పుండ్ల మీద వేసే కట్లలో, ఒంట్లోకి పెట్టే గొట్టాల పూతలో ఈ వెండిని వాడవచ్చునేమోనని లోకమంతా చూస్తోంది. ఆ తేట జాగా మొదటిసారి చూసిన రోజు నేను ల్యాబ్‌లో ఎగిరి గంతేశాను. మా గైడ్ మేడం కళ్లద్దాలు సర్దుకుని, "పళ్లెంలో పెరగలేదు. అంతవరకే రాయి. ఒక్క ముక్క ఎక్కువ రాశావో, చింపేస్తా" అంది.

మేడం ఎందుకంత పట్టుదలగా ఉండేదో పోను పోను తెలిసింది. వానలు పడ్డాక కోసిన ఆకుతో చేస్తే రేణువులు ఒకలా వచ్చేవి, ఎండాకాలపు ఆకుతో ఇంకోలా వచ్చేవి. మందంటే ప్రతి సీసా ఒక్కలా ఉండాలి కదా. బాక్టీరియాను చంపే వెండి పుండు అంచున కొత్తగా పుట్టే చర్మాన్ని ఏం చేస్తుందో, ఒంట్లోకి ఎంత పోతుందో, పోయింది ఎక్కడ కూర్చుంటుందో చూడాలి. అవేవీ మేము అప్పటికి చూడలేదు.

సంతోషాన్ని కడుపులో దాచుకునే రకం కాదు నేను. ఆ ఆదివారమే బస్సెక్కి ఇంటికి పోయాను. మాది కట్టంగూర్ దగ్గర పల్లె. హైవే మీద దిగి లోపలికి నడవాలి. అమ్మ వాకిట్లో కూర్చుని, చేలో సరిగ్గా విచ్చుకోని పత్తికాయలు ఒలుస్తోంది. బాపు మంచంలో ఒరిగి వింటున్నాడు.

"ఎండితోని మందు జేస్తున్నవా?" అంది అమ్మ.

"ఎండి ఒక్కటే గాదమ్మా, తంగేడాకు గూడ."

"అయ్యో, తంగేడాకా! నన్నడిగితే నేను జెప్పకపోదునా? కాలు బెణికితే మా అవ్వ గదే నూరి కట్టేది. దానికి గంత సదువెందుకే?"

బాపు నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. అయినా తమాయించుకుని పళ్లెం సంగతి, తేట జాగా సంగతి చెప్పాను.

"అయితే పుండుకు పెడితే మానుతదన్నట్టు" అంది.

"పుండుల పురుగును సంపుతది. పళ్లెంలనైతే సంపింది. మనిషికి పెట్టి సూడలే."

మొదటి మాట అమ్మ విన్నది. తర్వాతవి గాలికి పోయాయి. పొద్దుగూకేసరికి మా వాడ మొత్తానికి నేను తంగేడాకుతో, వెండితో పుండ్లు మాన్పే మందు చేసిన పిల్లనయ్యాను. "నీ నోట్ల నువ్వుగింజ నానదు" అని అమ్మను తిట్టాను. ఆమె మురిసిపోతూనే ఉంది.

అమ్మకు అప్పటికే షుగర్. ఒక పూట గోళీ వేసుకుని, ఇంకో పూట మర్చిపోయే షుగర్. అరికాళ్లు మొద్దుబారిపోయాయి. కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. చేను మధ్య దాకా పోయి, ఒంటి చెప్పుతో నిలబడి, "గా రెండోది యాడ పాయె?" అని వెతుక్కునేది. మేము నవ్వేవాళ్లం. ఆమె కూడా నవ్వేది. అది నవ్వాల్సిన సంగతి కాదు.

పత్తి ఏరుడు అయిపోయి, కట్టె పీకే రోజుల్లో ఒక మోడు ఆమె కుడికాలి రెండో వేలి పక్కన దిగింది. ఆమెకు తెలియనే తెలియదు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే నీళ్లు ఎర్రగా పోతున్నాయని చూసుకుందట. ఈ సంగతి నాకు ఫోన్‌లో ఎవరూ చెప్పలేదు. రోజూ మాట్లాడేవాళ్లం. "తిన్నవా బిడ్డా?" అని అడిగేది, "తిన్న, నువ్వు?" అనేదాన్ని, అంతటితో సరి.

తర్వాత నేను ఇంటికి పోయేసరికి అమ్మ వాకిట్లోకి రాలేదు. నేను వస్తున్నానంటే గడప దాటి నిలబడే మనిషి లోపల గోడకు ఆనుకుని, చీర కుచ్చిళ్లు కాళ్ల మీద కప్పుకుని కూర్చుంది. గదిలో వాసన. రోజూ నేను చీము బాక్టీరియా పళ్లేల మధ్య బతికేదాన్ని, ఆ వాసనను పోల్చుకోవడానికి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పోయి చీర లాగాను. ఆమె గుంజుకుంది. నేను మళ్లీ లాగాను.

వేలికి గుడ్డపేలిక చుట్టి ఉంది. విప్పితే లోపల నూరి పెట్టిన తంగేడాకు ఎండి పెచ్చులు కట్టింది. తడిపి, మెల్లగా తీశాను. వేలు వాచి వంకాయ రంగుకు తిరిగింది. వేలి మొదట్లో ఉండాల్సిన మెట్టె పుండు దాకా పైకి జరిగి, మాంసంలో కూరుకుపోయింది. వెడల్పుగా ఉండే దాని పూవు ముఖం కిందికి తిరిగి, సరిగ్గా పుండు మీద కూర్చుంది. అది తనంతట తాను జరిగింది కాదు, ఎవరో కావాలని తిప్పి పెట్టింది.

"ఏందమ్మా గిది? మెట్టెను గిట్లెందుకు తిప్పినవ్?"

"నువ్వే జెప్తివి గద బిడ్డా, తంగేడాకు, ఎండి అని. రెండూ పెట్టిన. నిమ్మలంగ మానుతది తియ్" అంది అమ్మ, పాఠం సరిగ్గా అప్పజెప్పిన బడిపిల్లలా నా మొహంలోకి చూస్తూ.

మెట్టెలో వెండి గట్టి ముద్ద, అది పుండులోకి దిగి ఏ పురుగునూ చంపదు. అది చేస్తున్నది ఒక్కటే పని. వేలు వాచిన కొద్దీ బిగుసుకుని, దారం కట్టినట్టు నెత్తురును ఆపుతోంది.

"ముందు మెట్టె తియ్యాలె" అన్నాను.

"నేను తియ్య."

"అమ్మా, దానివల్లనే వేలు నల్లవడుతాంది."

"వడనీ. పోతే వేలు పోతది. మెట్టె తీసి మీ బాపు మీదికి తెచ్చుకోమంటవా?"

ఆ మాట వెనక ఒక కథ ఉంది. నా చిన్నప్పుడు నాట్లు వేస్తుంటే అమ్మ మెట్టె ఒకటి బురదలో జారిపోయింది. ఎంత దేవులాడినా దొరకలేదు. కొత్తది చేయించేలోపే బాపు బావి దగ్గర మోటారు స్టార్టర్ ముట్టుకుని, కరెంటు కొట్టి పడిపోయాడు. బతికాడు గానీ ఆయన ఎడమచేతి వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. స్టార్టర్ డబ్బాలో తడి చేరిందని ఊరంతా అన్నారు. అమ్మకు మాత్రం మెట్టె పోయింది కాబట్టే అలా అయింది. అప్పటినుంచి నీళ్లు పోసుకునేటప్పుడల్లా వేలితో తడిమి, మెట్టెలు ఉన్నాయో లేదో చూసుకునేది.

"సరే, అది ఇడిచిపెట్టు" అంది నన్ను బతిమాలుతున్నట్టు. "నీ సీసాల మందు తేరాదు? ఓ చుక్క పెడితే మెట్టె తీసే పనే ఉండదు. ఊరందరి కోసం జేస్తవు, కన్నతల్లికి ఓ చుక్క తేవా?"

"తేను."

"ఏమైతదే?"

"ఏమైతదో నాకు తెల్వదమ్మా. తెల్వదు గనుకనే తేను."

అమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నొప్పికి కాదు, ఆ కాలికి నొప్పే తెలియదు. నేను కాదన్నందుకు. ఆ నిమిషంలో నామీద, నా చదువు మీద, ఆ చాయ్ రంగు నీళ్ల మీద నాకు పుట్టిన కోపం ఇంతా అంతా కాదు. తేవడం ఎంతసేపు? ల్యాబ్‌లో సీసా నిండా ఉంది. అయినా తేనన్నాను. ఇవాళ అడిగినా అదే అంటాను. బాపు దర్వాజా పట్టుకుని నిలబడి అంతా విన్నాడు. పోయి ఆటో పిలుచుకొచ్చాడు.

నల్గొండలో దవాఖానకు పోయాం. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. వేలు చూసి, పాదం తడిమి, నన్ను పక్కకు పిలిచి కాదు, అమ్మ ముందే చెప్పింది. "మెట్టె రాకపోతే వేలికి నెత్తురు అందదమ్మా. ఇంకా జాగు చేస్తే వేలే కాదు, పాదం కూడా దక్కదు."

సిస్టర్ సబ్బు రుద్ది చూసింది. దారం చుట్టి లాగి చూసింది. అది కదిలితే కదా. ఉంగరాలు కోసే చిన్న పనిముట్టుతో ప్రయత్నిస్తే, వాపులో కూరుకుపోయిన ఆ మందపాటి మెట్టె కింద దాని మొన దూరలేదు. అమ్మేమో కాలు వెనక్కి లాక్కుంటూనే ఉంది. "వద్దు, వద్దు, నాకేం వద్దు, ఇంటికి పోదం" అని ఒకటే పాట.

అప్పుడు బాపు బయటికి పోయాడు. బజారులో వెండి బంగారు పనిచేసే అవుసలాయనను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన చేతిలో సన్నటి కత్తెర, రేకు ముక్క ఉన్నాయి. బాపు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, అమ్మ పాదాన్ని ఎత్తి తన మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆయన ఆమె కాలు ముట్టుకోవడం నేను చూడటం అదే మొదలు.

"పెండ్లినాడు సన్నెకల్లు మీద నీ కాలు పెట్టిచ్చి తొడిగింది నేనే గద" అన్నాడు. "తొడిగినోన్ని నేను. తియ్యమంటున్నోన్ని నేనే. నీకేం పాపం తలుగదు. నాకు నీ కాలు గావాలె."

అమ్మ కాలు వెనక్కి లాక్కోవడం మానేసింది. అవుసలాయన మెట్టెకూ మాంసానికీ మధ్య రేకు దూర్చడానికి చాలా అవస్థ పడ్డాడు. అంతసేపూ అమ్మ కాలివైపు ఒక్కసారి కూడా చూడలేదు. బాపు మొహాన్నే చూస్తూ ఉంది. ఎక్కడ తూలిపోతాడో, ఎక్కడ కళ్లు తేలేస్తాడోనని రెప్ప వేయకుండా చూసింది. టక్కుమని తెగిన చప్పుడు రాగానే వంగి, ఆయన అంగీ గుప్పిట్లో పట్టుకుంది.

"ఏం గాలే. ఇగో, ఉన్న" అన్నాడు బాపు.

వేలు దక్కలేదు. తీసేశారు. పాదం మిగిలింది.

తర్వాత పుండు మానడానికి చాలా కాలం పట్టింది. కుళ్లిన చర్మం తీయడం, ఇంజెక్షన్లు, షుగర్ చూడడం, మళ్లీ కట్టు కట్టడం. ఒకరోజు సిస్టర్ బూడిద రంగు పలక లాంటిది ఒకటి కత్తిరించి పుండు మీద పరిచింది. పాకెట్ మీద చదివితే వెండి ఉన్న కట్టు అది. అమ్మ నా మొహం చూసి పసిగట్టింది.

"గిది నీదేనా?"

"కాదమ్మా. కంపెనీది."

"ఎండేనా?"

"ఎండే. గని ఎంతుండాలె, ఎన్నొద్దులుంచాలె, ఎప్పుడు తియ్యాలె, అన్నీ మనుషుల మీద సూసి సూసి చేసిన్రు. అదొక్కటే మాన్పదు. నీ షుగర్ గోళీ గూడ మాన్పాలె."

"మరి నీదెప్పుడొస్తది?"

"తెల్వదు. రాకపోవచ్చు గూడ."

అమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది.

నేను ల్యాబ్‌కు తిరిగి పోయాను. రంగు మారితే ఎగిరే గంతులు ఆగిపోయాయి. ఫోన్ తెరిస్తే చాలు, వెండి నీళ్లు తాగండి, సర్వరోగాలు మాయం అని చెప్పే పెద్దమనుషుల వీడియోలు కనపడేవి. వాళ్ల నోట్లో మట్టి పడ, అని బల్ల దగ్గర కూర్చుని తిట్టుకునేదాన్ని. ఆ ఏడాదే మా వెండిని చర్మ కణాల మీద వేసి చూశాం. కొద్దిగా వేస్తే కణాలు బాగున్నాయి. పాళ్లు పెంచితే బాక్టీరియాతో పాటు కణాలూ చచ్చాయి. ఆ మాటను ఉన్నదున్నట్టు రాసి మేడంకిచ్చాను. ఆమె చింపలేదు. "ఇప్పుడు పనికొచ్చే మాట రాశావు" అంది.

ఇంటి దగ్గర అమ్మ కాలు దాచడం మొదలుపెట్టింది. చీర నేలకు జీరాడేలా కట్టేది. బతుకమ్మ వచ్చింది. తెల్లారేసరికి వాడలో ఆడవాళ్లందరికీ తంగేడు పువ్వు పంచిపెట్టి, తాను మాత్రం ఆడడానికి పోలేదు. చుట్టూ తిరిగి ఆడేచోట చెప్పులిప్పాలి కదా. ఎవరైనా అడిగితే మోకాళ్లు నొస్తున్నాయనేది. ఊళ్లో మాత్రం వేరే మాట నడుస్తోంది. దవాఖానోళ్లు కాలు తీస్తామంటే బిడ్డ వెండి మందు పెట్టి నిలబెట్టిందట! నేను కస్సుమన్నాను.

"అబద్ధమని ఎందుకు జెప్పవు?"

"నేనేం జెప్పలే. వాళ్లే అనుకుంటున్నరు. అనుకోనీ, నీకే మంచి పేరు" అంది అమ్మ.

దీపావళి పోయాక ఒక మధ్యాహ్నం పక్కింటి చిన్నమ్మ కుంటుకుంటూ మా ఇంటికి వచ్చింది. అమ్మకంటే చిన్నది, ఆమెకూ షుగరే. చేతిలో ఖాళీ నీళ్ల సీసా. నన్ను చూసి మొహం విప్పారింది.

"వచ్చినవా బిడ్డా? నీ కోసమే సూస్తున్న. జర గా ఎండి నీళ్లు గిండ్ల పోసియ్యి. కాలికి పుండైంది. దవాఖానకు పోతే వేళ్లు గోస్తరంట. మీ అమ్మకు నీ మందుతోనే మంచిగాయె గద."

ఆమె కాలు చూశాను. వేలికి పచ్చగా ఆకు ముద్ద, దాని పైన గుడ్డ. గుడ్డ కింద ఉబ్బెత్తుగా మెట్టె. పైకి జరిపి పెట్టుకుంది. నాకు కోపం నషాళానికెక్కింది. ఇంత గొంతు చేసుకుని ఏదో అనబోయాను.

"నువ్వు ఊకో" అంది అమ్మ.

లేచి వచ్చి గడప మీద ఎండలో కూర్చుంది. చీర మోకాళ్ల దాకా ఎత్తుకుంది. కాలికి వేసుకున్న సాక్సు విప్పి, పాదం చిన్నమ్మ ముందుకు చాపింది. బొటనవేలికీ మూడో వేలికీ మధ్య సందు, దాని మీద ముడతలు పడిన గులాబీ రంగు చర్మం. ఇంటోళ్లం తప్ప ఆ పాదాన్ని అంతకుముందు ఎవరూ చూడలేదు. చిన్నమ్మ చేయి నోటికి అడ్డం పెట్టుకుంది.

"సూడు చెల్లె, మంచిగ సూడు" అంది అమ్మ. "నా బిడ్డ మందు నా కాలికి చుక్క గూడ తాకలే. అడిగితే ఇయ్యలే. నీ లెక్కనే ఆకు గట్టి, మెట్టె దిప్పి కూసున్న. అది మాన్పలే, తిన్నది. మిగిలిన కాలు దవాఖానల మిగిలింది."

చిన్నమ్మ ఏడుస్తూ తన మెట్టె వైపు చూసుకుంది. "తీస్తే మా ఆయనకు..." అని ఆగిపోయింది.

"ఇగో, జర ఇటు రా" అని అమ్మ ఇంట్లోకి కేకేసింది. అన్నం తింటున్న బాపు ఎంగిలి చేత్తోనే వచ్చి దర్వాజాలో నిలబడ్డాడు. ఏమైందో ఆయనకు తెలియదు.

"నాది తెంపి తీసిన్రు. మల్ల తొడుక్కునే వేలే లేదు" అంది అమ్మ. "సూడు, ఎట్లున్నడో."

చిన్నమ్మ బాపును కింది నుంచి పైదాకా చూసింది. బాపు ఆమె కాలు చూశాడు. ఇంకేం అడగకుండా చేయి కడుక్కుని ఆటో కోసం రోడ్డు మీదికి పోయాడు. అమ్మ నన్ను సబ్బు తెమ్మంది. తెచ్చి నీళ్లు పోశాను. ఆ వేలు ఇంకా నల్లబడలేదు. అమ్మ నురగ పెట్టి, అటూ ఇటూ తిప్పుతూ ఓపిగ్గా లాగింది. మెట్టె జారి ఆమె చేతిలోకి వచ్చింది. దాన్ని కడిగి చిన్నమ్మ కొంగున ముడివేసింది.

ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. అమ్మ చీర సర్దుకోలేదు. నాలుగు వేళ్ల పాదాన్ని అలాగే నేల మీద మోపి, చిన్నమ్మ జబ్బ పట్టుకుని లేపి, వాడంతా చూస్తుండగా ఆటో దాకా నడిచింది.